సీమకు అధికారం ఏ రూపంలో రావాలి? రాష్ట్రం, ప్రాంతీయ మండలి, బోర్డు, జెడ్పీ: ఒక పోలిక

రాయలసీమ నిర్ణయాలు రాయలసీమలోనే జరగాలన్న మాటను కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా కాదనేవాళ్లు తక్కువ. ఏ రూపంలో అన్నదగ్గరే చిక్కు వస్తుంది. ప్రత్యేక రాష్ట్రమే దారి అనేవాళ్లున్నారు. ఎన్నికైన ప్రాంతీయ మండలి చాలనేవాళ్లున్నారు. పక్కనున్న బళ్లారికి వచ్చినట్టు రాజ్యాంగంలో మనకూ ఒక అధికరణం రావాలని కొందరు, ముందు ఉన్న జిల్లా పరిషత్తులకు ప్రాణం పోయండని ఇంకొందరు, హైకోర్టు కర్నూలుకు వస్తే సగం పని అయినట్టేనని మరికొందరు అంటారు. ఎవరి మాట విన్నా అప్పటికి అదే సరైనదనిపిస్తుంది. అందుకే అన్నిటినీ ఒకే కొలతలతో చూద్దాం. నా మొగ్గు ఎటో కూడా దాచకుండా చెప్తాను.

## ముందు కొలతలు

మొదట అడగాల్సింది, ఆ సంస్థలో కూర్చునేవాళ్లను ఎవరు పంపుతారు? ఓటరా, ప్రభుత్వమా? పని చేయకపోతే దింపే వీలు మనకుంటుందా?

రెండోది డబ్బు. సంస్థకు రావాల్సిన వాటా చట్టంలోనే రాసి ఉంటే అది హక్కు అవుతుంది. ఏటా బడ్జెట్ ముందు వినతిపత్రం పట్టుకొని వెళ్లాల్సి వస్తే అది ఇచ్చేవాళ్ల దయ. 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వెనుకబడిన జిల్లాలకు ఒడిశాలోని కోరాపుట్-బోలంగీర్-కలహండి, బుందేల్‌ఖండ్ తరహా ప్యాకేజీ ఇస్తామన్నారు. పునర్విభజన చట్టంలో ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ ప్రస్తావన ఉంది కానీ ఎంత, ఎన్నేళ్లు అన్నది లేదు. చివరికి సీమలోని నాలుగు, ఉత్తరాంధ్రలోని మూడు జిల్లాలకు జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున కొన్నేళ్లు వచ్చి ఆగిపోయింది. అంకె రాయని హామీ ఎక్కడ ఆగుతుందో చూడటానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

మూడోది, ఆ సంస్థను రద్దు చేసే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది? దీనికి శ్రీబాగ్ ఒప్పందమే పాఠం. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చొని దాన్ని రాసుకున్నారు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య లాంటివాళ్లు ఉన్నారందులో. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో సీమకూ నెల్లూరుకూ ముందు పదేళ్లు ప్రాధాన్యం ఇవ్వాలి. రాజధాని, హైకోర్టు చెరో ప్రాంతంలో ఉండాలి, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1956 నవంబరులో రెండూ హైదరాబాదు చేరాయి. నీళ్ల సంగతికొస్తే, సీమకు నీళ్లు తేవాల్సిన కృష్ణా-పెన్నార్ ప్రాజెక్టు పక్కకు పోయి నాగార్జునసాగర్ ముందుకొచ్చింది. ఒప్పందం చేసుకున్నవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ అది ఏనాడూ చట్టం కాలేదు. అందుకే దాన్ని రద్దు చేయాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు.

నాలుగోది నీళ్ల మీద ఆ సంస్థకు ఎంత మాట ఉంటుందన్నది. ఐదోది, రావడానికి ఎంత కాలం పడుతుంది, ఎవరి సంతకం కావాలి. ఆరోది చాలామంది మర్చిపోయేది: సీమ లోపలి సమానత. కోసిగి, పెద్దకడబూరు, మడకశిర లాంటి చోట్లకు కర్నూలు, తిరుపతి పట్టణాలు కూడా దూరపు రాజధానుల్లాగే కనిపిస్తే అధికారం దిగివచ్చినట్టు కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు నాయుడు, వైఎస్ రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్‌మోహన్‌రెడ్డి: ఇంతమంది ముఖ్యమంత్రులు సీమవాళ్లే కదా, ఇంకా ఏం అధికారం కావాలి అని. ఈ ప్రశ్న న్యాయమైనదే, తప్పించుకోకూడదు. జవాబు లెక్కలో ఉంది. 175 స్థానాల శాసనసభలో సీమవి 52. మెజారిటీకి 88 కావాలి. ఏ ఊరి మనిషి ముఖ్యమంత్రి అయినా మిగతా 123 స్థానాలను చూసుకోకుండా ఆ కుర్చీలో ఉండలేరు. ఉండకూడదు కూడా, ఎందుకంటే ఆయన మొత్తం రాష్ట్రానికి ముఖ్యమంత్రి. సీమ గురించి మాత్రమే ఆలోచించడం, సీమ ఓటరుకు మాత్రమే జవాబు చెప్పడం పనిగా ఉన్న సంస్థ ఏదీ ఈ రోజుకి లేదు. మనం వెతుకుతున్నది దాన్నే.

## ఒక్క చూపులో

| దారి | సభ్యులు ఎలా వస్తారు | డబ్బు | ఎవరు ఇవ్వాలి | ఎవరు తీసేయగలరు |
|---|---|---|---|---|
| ప్రత్యేక రాష్ట్రం | నేరుగా ఓటుతో | సొంత పన్నులు, కేంద్ర వాటా | పార్లమెంటు | పార్లమెంటు మాత్రమే |
| ఎన్నికైన ప్రాంతీయ మండలి | నేరుగా ఓటుతో | చట్టం ఎలా రాస్తే అలా | రాష్ట్ర శాసనసభ, లేదా రాజ్యాంగ సవరణ | రాష్ట్ర చట్టమైతే శాసనసభ |
| ఎమ్మెల్యేల ప్రాంతీయ కమిటీ | ఉన్న ఎమ్మెల్యేలే | సొంతంగా ఏమీ ఉండదు | శాసనసభ, లేదా రాష్ట్రపతి ఉత్తర్వు | ఇచ్చినవాళ్లే |
| అభివృద్ధి బోర్డు | ప్రధానంగా నామినేషన్ | ఏటా గ్రాంటు | రాజ్యాంగ సవరణ, రాష్ట్రపతి ఉత్తర్వు | గడువు ముగిస్తే దానంతటదే |
| బలమైన జెడ్పీలు | ఓటుతో | ఆర్థిక సంఘం నిధులు, రాష్ట్ర గ్రాంట్లు | రాష్ట్ర ప్రభుత్వం | రద్దు కుదరదు, ఖాళీ చేయొచ్చు |
| కార్యాలయాల తరలింపు | వర్తించదు | వర్తించదు | రాష్ట్రం, కేంద్రం, న్యాయవ్యవస్థ | మరో ఉత్తర్వు |

పట్టికలో ఇమడని సంగతులే ఎక్కువ. ఒక్కొక్కటీ చూద్దాం.

## ప్రత్యేక రాష్ట్రం

అధికారం పరంగా దీనికి సాటి లేదు. చట్టాలు చేయొచ్చు, పన్నులు వేయొచ్చు, నదీ జలాల ట్రిబ్యునల్ ముందు సొంత లాయరును నిలబెట్టొచ్చు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు మెజారిటీతో కొత్త రాష్ట్రం ఇవ్వగలదు. ఉన్న రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి కానీ దానికి కట్టుబడనక్కర్లేదు. 2014 జనవరిలో మన శాసనసభ బిల్లును తిప్పికొట్టినా జూన్ 2న తెలంగాణ వచ్చింది. అంటే చట్టపరంగా దారి తెరిచే ఉంది. రాజకీయంగా మాత్రం 25 మంది ఎంపీల్లో 8 మందితో ఢిల్లీని కదిలించాలి.

ఈ దారిలో అసలు బరువు నీళ్లది. కృష్ణా జలాల్లో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చింది. విభజన తర్వాత తాత్కాలిక ఏర్పాటుగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. దాని మీద బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ ముందు వాదనలు ఏళ్లుగా నడుస్తున్నాయి. సీమ వేరు పడితే ఆ 512ను మళ్లీ పంచాలి. పాత ఆయకట్టుకు ముందు హక్కు అనే సూత్రం దిగువ డెల్టాకు బలం. మన ప్రాజెక్టుల్లో కేసీ (కర్నూలు-కడప) కాలువకు, తుంగభద్ర కాలువలకు, శ్రీశైలం కుడి కాలువకు నికర జలాల (ఖాయంగా వస్తాయని లెక్కగట్టిన నీళ్ల) కేటాయింపు ఉంది. హంద్రీ-నీవా, గాలేరు-నగరి మొదటి నుంచీ వరద జలాల మీద ఆధారపడి కట్టినవి. ఎగువన కర్ణాటక, పక్కన తెలంగాణ, దిగువన కోస్తా: ముగ్గురితో వాదించాలి. గెలవలేమని అనడం లేదు. గెలిచేలోపు ఒక తరం గడుస్తుందని చెప్తున్నాను.

డబ్బు సంగతికొస్తే సీమ దగ్గర ఏమీ లేదనే మాట తప్పు. మంగంపేట బెరైటీస్, కడప-కర్నూలు సిమెంటు, పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, శ్రీసిటీ, కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నాయి. పన్నులు వచ్చే పెద్ద నగరం మాత్రం లేదు. తొలి పదేళ్లు కేంద్రం చేయి చాచి పట్టుకోకపోతే జీతాలకే టెన్షన్ పడాల్సి వస్తుంది.

ఇది ఎవరికి నప్పుతుంది? ఇరవై ఏళ్ల పోరాటానికి సిద్ధపడి, మధ్యలో వచ్చే చిన్న లాభాలను వద్దనుకోగలిగినవాళ్లకు. నేను ఈ కోరికను తప్పు పట్టను. కానీ ఈ ఏడాది బోరు ఎండిన రైతుకు దీన్ని జవాబుగా చెప్పలేను.

## ఎన్నికైన ప్రాంతీయ మండలి

నా మొగ్గు దీనివైపు. అందుకే దీని లోపాలు కూడా ఎక్కువగా చెప్తాను.

మన దేశంలో ఇలాంటివి రెండు రకాలు. ఒకటి రాజ్యాంగం ఆరో షెడ్యూలు కింద అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలలో ఉన్న స్వయంప్రతిపత్తి మండళ్లు. బోడోలాండ్ మండలికి కొన్ని విషయాల్లో చట్టాలు చేసే అధికారం కూడా ఉంది. కానీ ఆ షెడ్యూలు ఆ నాలుగు రాష్ట్రాల గిరిజన ప్రాంతాల కోసం రాసింది, సీమకు వర్తించదు. రెండోది రాష్ట్ర చట్టంతో పెట్టుకునేది. డార్జిలింగ్‌లోని గూర్ఖాలాండ్ టెరిటోరియల్ అడ్మినిస్ట్రేషన్ అలాంటిది. బెంగాల్ శాసనసభ 2011లో చట్టం చేసింది. 45 మంది ఎన్నికైన సభ్యులు, ఐదుగురు నామినేటెడ్. పాలన అధికారాలున్నాయి, చట్టాలు చేసే అధికారం లేదు. 2012లో ఎన్నికలు జరిగాయి. 2017లో జరగాల్సినవి జరగలేదు, మళ్లీ 2022లోనే జరిగాయి. మధ్యలో నడిపింది ప్రభుత్వం నియమించినవాళ్లు. సీమకు మండలి అడిగేవాళ్లు రెండు ఎన్నికల మధ్య ఈ పదేళ్ల ఎడం గురించి తెలుసుకొని అడగాలి.

బయటి అనుభవం కూడా పనికొస్తుంది. బ్రిటన్‌లో 1997లో స్కాట్లాండ్, వేల్స్ ప్రజలను సొంత సభ కావాలా అని అడిగారు. స్కాట్లాండ్‌లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది అవునన్నారు. చట్టాలు చేసే అధికారంతో, ఆదాయపు పన్నును కొంత మార్చుకునే వీలుతో 129 మంది సభ్యుల పార్లమెంటు వచ్చింది. వేల్స్‌లో అవునన్నవాళ్లు సగం కంటే కొంచెమే ఎక్కువ. అక్కడ 60 మంది సభ చిన్న అధికారాలతో మొదలై, 2011లో మరో ప్రజాభిప్రాయ సేకరణతో పూర్తి స్థాయి చట్టాలు చేసే దశకు ఎదిగింది. 2004 నవంబరులో ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతానికి కూడా ఎన్నికైన సభ ఇస్తామంటే అక్కడివాళ్లు దాదాపు 78 శాతం మంది వద్దన్నారు. ఇస్తామన్న అధికారాలు బలహీనం. జీతాలు తీసుకునే నాయకులు పెరుగుతారు తప్ప పనేం జరుగుతుందని జనం అడిగారు. సీమ జనం కూడా అదే అడుగుతారు, అడగాలి.

మరి మన మండలికి ఏ పనులు ఇవ్వాలి? నా జాబితా చిన్నది: చిన్న నీటిపారుదల, చెరువులు, కాలువల చివరి పంపిణీ, తాగునీరు, పశుసంవర్ధకం, ఉద్యాన పంటలు, హాస్టళ్లు, జూనియర్ కాలేజీల దాకా చదువు, జిల్లా రోడ్లు. పోలీసు, రెవెన్యూ అడిగితే చట్టం ముందుకు కదలదు.

కాలువల చివరి పంపిణీ అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. హంద్రీ-నీవా నీళ్లు మల్యాల దగ్గర ఎత్తిపోసి జీడిపల్లి దాకా తెచ్చారు. ప్రధాన కాలువ కనబడుతుంది, పిల్ల కాలువలు పూర్తికాక పొలానికి నీరు ఎక్కదు. ప్రధాన కాలువ ప్రారంభోత్సవానికి రాష్ట్రమంతా చూస్తుంది. పిల్ల కాలువ తవ్వితే ఆ ఊరు మాత్రమే చూస్తుంది. రాష్ట్ర రాజధానిలో కూర్చున్నవాళ్లకు రెండో పని ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఆ ఊరి ఓటు మీద ఆధారపడిన మండలి సభ్యుడికి అదే మొదటి పని అవుతుంది. ఎన్నికైన మండలి వల్ల రైతుకు వచ్చే అసలు లాభం ఇది.

పెద్ద నీళ్ల మీద మాత్రం మండలికి పరిమితి ఉంటుంది. తుంగభద్ర నీళ్లు తుంగభద్ర బోర్డు చేతిలో ఉంటాయి. హెచ్చెల్సీకి (తుంగభద్ర ఎగువ కాలువకు) మన వాటా 32.5 టీఎంసీలని కాగితం మీద ఉన్నా, పూడికతో డ్యామ్ సామర్థ్యం 133 నుంచి 105 టీఎంసీల దగ్గరికి పడిపోయాక ఆ వాటా పూర్తిగా రావడం అరుదు. శ్రీశైలం నీటిమట్టం 854 అడుగుల కిందికి పోతే సీమ కాలువలకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు నుంచి తీసుకునే నీరు బాగా తగ్గిపోతుంది. మట్టం ఎప్పుడు ఎంత ఉంచాలన్నది రెండు రాష్ట్రాల మధ్య వ్యవహారం. మండలి దీన్ని నిర్ణయించలేదు. కానీ చట్టంలో ఒక్క వాక్యం రాయించుకోవచ్చు: శ్రీశైలం, తుంగభద్ర నీటి వినియోగంపై రాష్ట్ర ప్రభుత్వం వైఖరి తీసుకునే ముందు మండలి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి, అంగీకరించకపోతే కారణం సభ ముందు పెట్టాలి. ఇప్పుడు ఆ మాత్రం కూడా లేదు.

డబ్బుకు సూత్రం చట్టంలోనే ఉండాలి. రాష్ట్ర సొంత పన్నుల ఆదాయంలో ఇంత శాతం, సీమలో వచ్చే గనుల సీనరేజీలో (తవ్వకం రుసుములో) ఇంత శాతం అని అంకెతో రాయాలి. అంకె లేకుండా మండలి ఇస్తామంటే నేనైతే వద్దంటాను.

ఇక రద్దు. శాసనసభ చేసిన చట్టాన్ని శాసనసభే తీసేయగలదు. దీనికి పూర్తి కాపు రాజ్యాంగ సవరణే. అందుకే మొదట రాష్ట్ర చట్టంతో మొదలుపెట్టి, పని చేసి చూపించి, ఆ తర్వాత రాజ్యాంగ రక్షణ అడగడం నాకు ఆచరణకు దగ్గరగా కనిపిస్తుంది. వేల్స్ నడిచిన దారి కూడా ఇంచుమించు ఇదే.

## ఎమ్మెల్యేల ప్రాంతీయ కమిటీ

దీన్ని మనం ఒకసారి చూశాం, తెలంగాణకు. 1956 పెద్దమనుషుల ఒప్పందం తర్వాత 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణ ప్రాంతీయ కమిటీ వచ్చింది. ఆ ప్రాంత ఎమ్మెల్యేలే సభ్యులు. స్థానిక పాలన, ప్రజారోగ్యం, ప్రాథమిక, మాధ్యమిక విద్య, వ్యవసాయం లాంటి విషయాల మీద బిల్లులు ముందు కమిటీకి రావాలి. ప్రభుత్వానికీ కమిటీకీ కుదరకపోతే గవర్నరు మాట చివరిది. కాగితం మీద గట్టి ఏర్పాటే. కానీ కమిటీకి సొంత ఖజానా లేదు. తెలంగాణ మిగులు నిధులు ఎక్కడ ఖర్చయ్యాయన్న గొడవ ముదిరి, 1969లో లెక్క తేల్చడానికి కుమార్ లలిత్ కమిటీని వేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఉద్యమం రగిలింది. 1973 ఆరు సూత్రాల పథకంతో ప్రాంతీయ కమిటీ పోయింది, దాని స్థానంలో స్థానికులకు కోటా ఇచ్చే రాజ్యాంగ అధికరణం 371(డి) వచ్చింది.

లాభం ఏమిటంటే కొత్త ఎన్నికలు అక్కర్లేదు, ఖర్చు లేదు, సంకల్పం ఉంటే కొన్ని నెలల్లో వస్తుంది. నష్టం ఏమిటంటే ఎమ్మెల్యే పార్టీ విప్‌కు కట్టుబడి ఉంటాడు. సొంత ప్రభుత్వం సీమకు ఇవ్వాల్సిన నీళ్లు ఇవ్వకపోతే కమిటీలో చేయెత్తే అధికార పార్టీ ఎమ్మెల్యే ఎంతమంది ఉంటారో మీకూ తెలుసు. మండలి వచ్చేలోపు తాత్కాలిక ఏర్పాటుగా అయితే ఒప్పుకోవచ్చు.

## అభివృద్ధి బోర్డు

ఈ కోరిక బలపడటానికి కారణం బళ్లారి. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్త మండలాల్లో మనతో పాటు ఉన్న జిల్లా అది, 1953లో మైసూరులో కలిసింది. 2012లో పార్లమెంటు 98వ రాజ్యాంగ సవరణతో 371(జె) తెచ్చి హైదరాబాద్-కర్ణాటక జిల్లాలకు బోర్డు, స్థానికులకు ఉద్యోగాల్లో, వృత్తి విద్య సీట్లలో రిజర్వేషన్ ఇచ్చినప్పుడు బళ్లారి కూడా ఆ లాభం పొందింది. ఇప్పుడు దాన్ని కల్యాణ కర్ణాటక అంటున్నారు. ఇటీవలి బడ్జెట్లలో బోర్డుకు ఏటా 5000 కోట్ల దాకా ప్రకటించారు. సరిహద్దు ఇవతల రాయదుర్గం, ఆలూరు వాళ్లు ఆ అంకె చూసి మాకెందుకు లేదనుకోవడం సహజం.

అయితే ఇదే తరహాలో మహారాష్ట్రలో ఏం జరిగిందో కూడా చూడాలి. 371(2) కింద 1994లో విదర్భ, మరాఠ్వాడా బోర్డులు వచ్చాయి. నిధులు సమంగా పంచే ప్రత్యేక బాధ్యత గవర్నరుది. నీటిపారుదల లోటు లెక్కగట్టారు, ఆదేశాలిచ్చారు. సభ్యులను ఎన్నుకోలేదు, నియమించారు. 2020 ఏప్రిల్‌తో గడువు ముగిసింది. తక్షణమే పొడిగించే ఒత్తిడి తేగల ఓటరు అక్కడ లేడు. బోర్డు ఉందో లేదో చాలామందికి తెలియని స్థితిలో అది పోతే అడిగేవాళ్లెవరు?

ఉద్యోగాల విషయంలో మనకు 371(డి) కింద స్థానిక కోటా ముందే ఉంది. సీమ ఒక జోన్‌గా చాలాకాలంగా నడుస్తోంది. కాబట్టి బోర్డు కొత్తగా తెచ్చేది ప్రధానంగా డబ్బు. డబ్బు వస్తే వద్దనాల్సిన పనిలేదు. కానీ అధికారం వచ్చిందనుకొని ఊరుకుంటే మిగతా దారులు మూసుకుపోతాయి.

## ఉన్న జెడ్పీలను బలపరచడం

ఇది చదవడానికి చప్పగా ఉంటుంది కానీ రేపు ఉదయమే మొదలుపెట్టగలిగినది ఇదొక్కటే. రాజ్యాంగం 243(జి), పదకొండో షెడ్యూలు కలిసి 29 విషయాలను పంచాయతీలకు ఇవ్వొచ్చంటున్నాయి. చిన్న నీటిపారుదల, తాగునీరు, పాఠశాలలు, పశువులు అన్నీ అందులో ఉన్నాయి. ఇవ్వొచ్చంది, ఇవ్వాలనలేదు. అందుకే సిబ్బంది, నిధులు శాఖల దగ్గరే ఉండిపోయాయి. జెడ్పీ సమావేశంలో సభ్యుడు అడిగితే అధికారి జవాబు చెప్తాడు, ఆదేశం మాత్రం పైనుంచే తీసుకుంటాడు.

243(జెడ్‌డి) కింద జిల్లా ప్రణాళిక కమిటీ ఉండాలి, సభ్యుల్లో ఐదింట నాలుగొంతుల మంది ఎన్నికైన స్థానిక ప్రతినిధులై ఉండాలి. జిల్లాలో ఏ పని ముందు, ఏది తర్వాత అని తేల్చాల్సింది ఆ కమిటీ. ఆచరణలో ఇన్‌చార్జి మంత్రి అధ్యక్షతన జరిగే సమీక్ష సమావేశమే ఆ పని చేస్తోంది.

ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి, నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య, తిరుపతి వచ్చాయి. కానీ 2021లో ఎన్నికైన జెడ్పీలు పాత జిల్లాలవే. కలెక్టరు పుట్టపర్తిలో, జెడ్పీ అనంతపురంలో. సాగాల్సిన పని ఒకటైతే తిరగాల్సిన ఊళ్లు రెండు.

జెడ్పీల వల్ల తీరనిది ప్రాంతం మొత్తానికి సంబంధించిన సమస్య. హెచ్చెల్సీ తుంగభద్ర డ్యామ్ దగ్గర మొదలై అనంతపురం మీదుగా కడప దాకా పోతుంది. కేసీ కాలువ కర్నూలు నుంచి కడపకు వస్తుంది. పై జిల్లా, కింది జిల్లా నీళ్ల కోసం తగువు పడితే రెండు జెడ్పీలు చెరో పక్క నిలబడతాయి. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికే ప్రాంతీయ మండలి కావాలి.

## కార్యాలయాల తరలింపు

మూడు రాజధానుల చట్టం 2020లో కర్నూలును న్యాయ రాజధానిగా చూపింది. అది 2021 నవంబరులో వెనక్కి పోయింది, 2022 మార్చిలో అమరావతినే రాజధానిగా అభివృద్ధి చేయాలని హైకోర్టు తీర్పు వచ్చింది. లోకాయుక్త, మానవ హక్కుల కమిషన్ కర్నూలులో మొదలయ్యాయి. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచ్ కోసం శాసనసభ తీర్మానం చేసింది. హిందూపురం నుంచి కేసు పని మీద అమరావతి వెళ్లే మనిషికి బెంచ్ నిజమైన మేలు. దాన్ని గట్టిగా అడగాల్సిందే. కానీ న్యాయస్థానం ఎక్కడున్నా సీమ బడ్జెట్‌ను అది రాయదు. దీన్ని మిగతావాటికి బదులుగా ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

## మీరు ఎవరైతే ఏది?

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ప్రతి ఏడాదీ సుగ్గికి (కూలి పనుల వలసకు) గుంటూరు మిరప తోటలకు వెళ్లే కుటుంబమైతే, మీకు దగ్గరి లాభం జెడ్పీ, పంచాయతీల చేతికి ఉపాధి పనులు, హాస్టళ్లు రావడంలో ఉంది. పిల్లలను ఇక్కడే ఉంచి చదివించే సీజనల్ హాస్టల్ ఎప్పుడు తెరవాలన్నది ఊరిలో తేలాల్సిన నిర్ణయం. మండలి రెండో మెట్టు. రాష్ట్రం గురించి వాదించేవాళ్లు మీ ఊరికొస్తే, పశ్చిమ కర్నూలుకు ఆ రాష్ట్రంలో ఏం వాటా అని ముందు అడగండి.

హెచ్చెల్సీ చివరి ఆయకట్టు రైతో, శెనక్కాయ వేసి వాన కోసం చూసే రైతో అయితే, మండలే మీకు ఎక్కువ ఉపయోగం. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. అక్కడ పంటల ప్రణాళిక, చెరువులు నింపే క్రమం, బీమా లెక్క కోస్తాతో కలిపి చేస్తే కుదరదు.

ఉద్యోగం కోసం చదువుతున్న యువతకు 371(డి) అమలును గట్టిగా పట్టుకోవడం, దానితో పాటు బోర్డు నిధులు అడగడం వెంటనే పనికొస్తాయి. ప్రొద్దుటూరు, నంద్యాల, తాడిపత్రి వ్యాపారికి రోడ్లు, కరెంటు, అనుమతులు ముఖ్యం. అనుమతులకు మరో కార్యాలయం చేరితే నష్టం. కాబట్టి మండలి చట్టం చదివేటప్పుడు, పాత శాఖ నుంచి తీసేసిన అధికారమే మండలికి ఇచ్చారా, లేక రెండూ ఉంచారా అని చూడండి.

చివరగా, ఒక రకం పాఠకుడి భయం గురించి చెప్పకుండా ఉండలేను. అధికారం కిందికొస్తే ఊళ్లలో ఇప్పటికే బలంగా ఉన్నవాళ్ల చేతుల్లోకే పోతుంది కదా, ముఠా కక్షలు చూసిన ప్రాంతం కదా అని అడుగుతారు, ముఖ్యంగా ఆడవాళ్లు, దళితులు. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి మందు చట్టం రాసే దగ్గరే వేయాలి. స్థానిక సంస్థల్లో మన రాష్ట్రంలో ఉన్నట్టే ఆడవాళ్లకు సగం స్థానాలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు జనాభా ప్రకారం స్థానాలు మండలిలో ఉండాలి. సగం సీట్లు పార్టీలకు వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి ఇవ్వాలి. అప్పుడు ఒక ఊరిలో నామినేషన్ వేయనివ్వకపోయినా ఆ ఓటరు గొంతు సభకు చేరుతుంది. సమావేశాలు వంతులవారీగా కర్నూలు, అనంతపురం, కడప, తిరుపతిలో జరగాలి. కాంట్రాక్టుల బిల్లులు గ్రామసభలో చదవాలి. ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం పెట్టాలి, గడువు తేదీ చట్టంలోనే ఉండాలి. మన పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరి దాకా జరగలేదు. ఆ రెండున్నరేళ్లు ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపారు. మండలి గడువు ముగిసిన ఆరు నెలల్లో ఎన్నిక జరగకపోతే దానికి రావాల్సిన నిధులు ప్రభుత్వం వాడుకోకుండా విడిగా ఉంచాలన్న నిబంధన ఒక్కటి రాయించగలిగితే, వాయిదా వేసేవాళ్లకు లాభం ఉండదు.